ఎంత ఇంజిన్, ఏ పెట్రోల్? ట్రైలర్ లాగే ఎస్‌యూవీ లెక్కలు

అరిజోనాలో కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. దాని పక్కనే బుల్‌హెడ్ సిటీ దగ్గర నుంచి తూర్పుగా కొండెక్కుతుంది స్టేట్ రూట్ 68. 11.4 మైళ్లలో దాదాపు 3,000 అడుగుల ఎత్తు. వేసవిలో అక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటని రోజు అరుదు. అమెరికాలో అమ్మే ఎస్‌యూవీల బ్రోషర్లలో 'ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది' అని కనిపించే అంకెకు ఈ రోడ్డే గీటురాయి. ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ తయారుచేసిన జే2807 ప్రమాణం ప్రకారం, చెప్పిన బరువున్న ట్రైలర్‌ని తగిలించుకుని, ఏసీ పూర్తిగా పెట్టుకుని, అంత ఎండలో ఈ ఎక్కుడంతా గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలి. దారిలో ఇంజిన్ వేడెక్కి కూలంట్ పొంగకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు. సమతలం మీద 60 మైళ్ల వేగం అందుకోవడానికి 30 సెకన్లు మించకూడదు. 12 శాతం వాలు మీద ఆగి, మళ్లీ కదలగలగాలి. అదీ ఒకసారి కాదు, ఐదు నిమిషాల్లో ఐదు సార్లు.

ఈ ప్రమాణం రాకముందు ఎవరి అంకె వారిది. పక్క కంపెనీ 9,000 అంటే మనం 9,100 అనేవాళ్లు. 2011 టండ్రా పికప్‌తో టొయోటా మొదటగా దీన్ని పాటించి, తన అంకెల్ని తనే తగ్గించుకుంది. మిగతావాళ్లు కొన్నేళ్లు తటపటాయించి దారికొచ్చారు.

డాలస్, అట్లాంటా, బే ఏరియాల్లోని మన తెలుగు కుటుంబాలు మినీవాన్ల నుంచి మూడు వరుసల ఎస్‌యూవీలకు మారి, ఇప్పుడు క్యాంపర్ల వైపు, పడవల వైపు చూస్తున్నాయి. వాళ్లలో వినిపించే ప్రశ్నలు రెండు: వీ6 చాలా, వీ8 కావాలా? రెగ్యులర్ పోయాలా, ప్రీమియమా? రెండూ సరైన ప్రశ్నలే. అయితే వీటికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే ఈ రెండింటి లోతు చూశాక గానీ దాని బరువు తెలియదు.

మొదట శక్తి లెక్క. బండి, ట్రైలర్, మనుషులు, సామాను అంతా కలిపి 12,000 పౌండ్లు, అంటే సుమారు 5,450 కిలోలు అనుకుందాం. 6 శాతం ఎక్కుడు మీద గంటకు 60 మైళ్లతో వెళ్లాలి. అంత బరువును పైకి లేపడానికే 115 హార్స్‌పవర్ అవుతుంది. నిలువెత్తు గోడలాంటి క్యాంపర్ ముఖంతో గాలిని చీల్చుకుంటూ పోవడానికి మరో 75. టైర్ల రాపిడికి 25 దాకా. చక్రాల దగ్గరే 215 కావాలంటే, గేర్‌బాక్సులో, యాక్సిళ్లలో పోయేది కలిపి ఇంజిన్ 250 ఇవ్వాలి. నిమిషం కాదు, పది పదిహేను నిమిషాలు ఏకధాటిగా. 300 హార్స్‌పవర్ ఉన్న కార్లను మనం రోజూ నడుపుతాం గానీ, అందులో 250 ఏకబిగిన వాడే సందర్భం మామూలు జీవితంలో ఉండదు. ఇంజిన్ సైజు గురించీ, పెట్రోల్ గురించీ జరిగే వాదనంతా ఆ పదిహేను నిమిషాల గురించే.

ఆ శక్తిని ఎలా రాబట్టాలి అన్నచోట రెండు బడులున్నాయి. పాత బడి వాళ్లు పెద్ద సిలిండర్లను నమ్ముతారు. సైజుకు బదులు సైజే అన్నది అమెరికా మెకానిక్కుల షెడ్లలో తరతరాల మాట. కొత్త బడి వాళ్లు చిన్న ఇంజిన్‌కి టర్బో తగిలించి, గాలిని ఒత్తి లోపలికి పంపుతారు. గత పదేళ్లలో కొత్త బడి దాదాపు గెలిచింది. ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్‌లో 2014 దాకా 5.4 లీటర్ల వీ8 ఉండేది, 310 హార్స్‌పవర్. 2015లో దాన్ని తీసేసి 3.5 లీటర్ల ఈకోబూస్ట్ వీ6 పెడితే 365 వచ్చింది. టొయోటా సెకోయాలో 5.7 లీటర్ల వీ8 ఇచ్చింది 381. దాని స్థానంలో 2023లో వచ్చిన 3.4 లీటర్ల ట్విన్ టర్బో హైబ్రిడ్ 437 ఇస్తూ, 9,500 పౌండ్ల దాకా లాగుతోంది.

మధ్య సైజు బళ్లలో తేడా ఇంకా ఆసక్తికరం. హైలాండర్‌ని మనవాళ్లు ఎంతమంది కొన్నారో చెప్పక్కర్లేదు. 2022 దాకా అందులో 3.5 లీటర్ల వీ6: 295 హార్స్‌పవర్, తిప్పే బలం, అంటే టార్క్, 263 పౌండ్-ఫీట్, అదీ 4,700 ఆర్‌పీఎమ్ దగ్గర. 2023 నుంచి 2.4 లీటర్ల టర్బో: హార్స్‌పవర్ 265కి తగ్గింది, టార్క్ 310కి పెరిగింది, అది 1,700 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతోంది. లాగే పరిమితి అప్పుడూ ఇప్పుడూ 5,000 పౌండ్లే. అంటే కాగితం మీద రెండూ సమానం. రోడ్డు మీద మాత్రం వేరు. పాతది కొండెక్కేటప్పుడు రెండు మూడు గేర్లు దించుకుని 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర అరుస్తుంది. కొత్తది గొంతు పెంచకుండా లాగుతుంది. ఆ అరుపుకి భయపడి వెనక సీట్లోంచి "బండికేమైనా అయిందా?" అని అడిగేవాళ్లుంటారు. ఏమీ కాదు, ఆ వీ6 అలా తిరగడానికే పుట్టింది.

టర్బోకి అసలు లాభం ఎత్తులో కనిపిస్తుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం ఎత్తు 11,000 అడుగుల పైమాటే. హోండా పైలట్‌లోని 285 హార్స్‌పవర్ వీ6 అక్కడికి చేరేసరికి 190 దగ్గరికి దిగిపోతుంది. 5,000 పౌండ్ల ట్రైలర్‌తో అక్కడ 60 మైళ్లు నిలబెట్టడం కష్టం. కుడి లేనులో లారీల వెనక 50తో సరిపెట్టుకోవాలి. టర్బో పల్చటి గాలిని కూడా ఒత్తి నింపుతుంది కాబట్టి నష్టం చాలావరకు పూడుతుంది. ఫ్లోరిడాలోనో, హ్యూస్టన్ చుట్టుపక్కలో పడవ లాగేవాళ్లకి ఈ లాభం అక్కర్లేదు. డెన్వర్‌లో ఉండేవాళ్లకి ఇదే మొదటి కారణం.

మన్నిక మాట తీయగానే 'పెద్ద వీ8 అయితే నిశ్చింత' అంటారు. ఈమధ్య జరిగిన రీకాల్స్ ఆ నమ్మకాన్ని రెండువైపులా దెబ్బతీశాయి. 2024లో టొయోటా తన 3.4 ట్విన్ టర్బో ఇంజిన్లలో తయారీనాటి లోహపు రజను మిగిలిపోయిందని లక్ష పైచిలుకు టండ్రాలు, లెక్సస్ ఎల్‌ఎక్స్‌లు వెనక్కి పిలిచింది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8లో క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలున్నాయని అమెరికాలోనే ఆరు లక్షల దాకా బళ్లను పిలిచింది. చిన్నదీ చెడింది, పెద్దదీ చెడింది. కారణం రెండుచోట్లా ఫ్యాక్టరీలో ఉంది. ఇంజిన్ సైజు చూసి మన్నికను ఊహించే రోజులు పోయాయని నా అభిప్రాయం.

ఇంకో చిత్రం: పెద్ద ఇంజిన్ ఎక్కువ లాగుతుందన్న హామీ కూడా లేదు. షెవ్రొలే టాహోలో 5.3 వీ8కి 355 హార్స్‌పవర్, 6.2కి 420. కానీ లాగే పరిమితి 5.3కి గరిష్ఠంగా 8,400 పౌండ్లు, 6.2కి దానికంటే కాస్త తక్కువే. పెద్ద ఇంజిన్ కొంటే అదే బరువును తేలిగ్గా లాగుతుంది, ఎక్కువ బరువును కాదు. పైగా దానికి ప్రీమియం పొయ్యమని మాన్యువల్ చెబుతుంది.

అలా పెట్రోల్ దగ్గరికి వచ్చాం. ఇండియా నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ అమెరికా బంకులో మొదట కలిగే అనుమానం: అక్కడ 91, 95 అని విన్నాం, ఇక్కడ 87 ఏమిటి, నాసిరకమా? కాదు, కొలిచే పద్ధతి వేరు. ఆక్టేన్‌ని ప్రయోగశాలలో రెండు రకాలుగా కొలుస్తారు. తేలిక పరిస్థితుల్లో వచ్చేది రీసెర్చ్ అంకె, కఠిన పరిస్థితుల్లో వచ్చేది మోటార్ అంకె. ఇండియా, యూరప్, ఆస్ట్రేలియా మొదటిదాన్నే బంకు మీద రాస్తాయి. అమెరికా రెండింటి సగటు రాస్తుంది. అందుకే అమెరికా 87 మన 91కి దగ్గర, అమెరికా 91 మన 95కి దగ్గర, 93 అయితే 98కి.

ఆక్టేన్ అంటే పెట్రోల్‌లోని శక్తి కాదు, ఓర్పు. సిలిండర్లో గాలి-పెట్రోల్ మిశ్రమం స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకుని, మంట క్రమంగా చివరిదాకా పాకాలి. వేడి, ఒత్తిడి హద్దు దాటితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. పాత బళ్లు ఎక్కుడు మీద టకటకమని కొట్టుకోవడం మన పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ ఆ వేడిని, ఒత్తిడిని తొందరపడకుండా ఓర్చుకుంటుంది, అంతే. 1921లో థామస్ మిడ్‌గ్లీ సీసం కలిపి ఈ ఓర్పును పెంచే దారి కనిపెట్టాడు. ఆ విషాన్ని అమెరికా రోడ్ల మీద నుంచి పూర్తిగా తొలగించడానికి 1996 దాకా పట్టింది. ఇప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం రిఫైనరీలది, కొంత ఇథనాల్‌ది.

నేటి ఇంజిన్లలో టకటకలు వినపడవు. ఇంజిన్ బ్లాక్ మీదున్న నాక్ సెన్సర్ మొదటి అదురును పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, టర్బో అయితే ఒత్తిడి తగ్గిస్తుంది, వేడి చల్లార్చడానికి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, శక్తి తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. 'ప్రీమియం సిఫారసు' అని మాన్యువల్ అన్నప్పుడు దాని భావం ఇదే: తక్కువది పోస్తే ఇంజిన్ తనను తాను కాపాడుకుంటుంది, ఆ కాపాడుకునే ఖర్చు మీరు భరిస్తారు. 'ప్రీమియం తప్పనిసరి' అంటే కథ వేరు, అక్కడ బేరం లేదు.

ఎంత శక్తి పోతుంది? టర్బో లేని ఇంజిన్‌కి పోయేది స్వల్పం. నిస్సాన్ పాత్‌ఫైండర్ 3.5 వీ6 రెగ్యులర్ మీద 284 హార్స్‌పవర్. అదే ఇంజిన్‌కి రాక్ క్రీక్ మోడల్లో ప్రీమియంతో 295 అని కంపెనీయే రాసింది. నాలుగు శాతం కూడా కాదు. మాజ్దా సీఎక్స్-9లోని 2.5 టర్బోకి రెగ్యులర్ మీద 227, ప్రీమియం మీద 250. పది శాతం. దాని వారసుడు సీఎక్స్-90 టర్బో ఎస్‌లో 319, 340. 2019లో కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఫోర్డ్ ఎఫ్-150 ఈకోబూస్ట్‌ను పరీక్షిస్తే, 60 మైళ్ల వేగం అందుకోవడానికి ప్రీమియంతో 5.3 సెకన్లు, రెగ్యులర్‌తో 5.9 పట్టింది. ఎక్స్‌పెడిషన్‌లో ఉన్నది ఈ కుటుంబపు ఇంజినే. ఫోర్డ్ బ్రోషర్‌లోని హార్స్‌పవర్ అంకె ప్రీమియంతో కొలిచినది. మాన్యువల్ రెగ్యులర్ చాలంటూనే, ట్రైలర్ లాగడం లాంటి కష్టమైన పనికి ప్రీమియం మేలని చెబుతుంది. రెండు వాక్యాలూ నిజమే, చదివేవాడు రెండూ కలిపి చదువుకోవాలి. జీప్ గ్రాండ్ చెరోకీలోని 5.7 హెమీ వీ8 ఈ రెండు పక్షాల్లోనూ చేరకుండా మధ్యరకం 89 అడిగేది. బంకులో ఆ మధ్య బటన్‌కి ఉన్న కొద్దిమంది నిజమైన ఖాతాదారుల్లో అదొకటి.

మోటారిస్టుల సంఘం ట్రిపుల్ఏ రెండు అధ్యయనాలు చేసింది. రెగ్యులర్ చాలన్న బళ్లలో ప్రీమియం పోయడం వల్ల ఏ లాభమూ లేదని 2016లో తేల్చింది. అలా ఆ ఏడాది అమెరికన్లు వృథా చేసినది 200 కోట్ల డాలర్ల పైనే అని అంచనా. 2017లో, ప్రీమియం సిఫారసు చేసిన బళ్లను పరీక్షించి, మైలేజీ సగటున 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం పెరిగాయంది. అందరికంటే ఎక్కువ లాభపడింది 6.2 లీటర్ల వీ8 ఉన్న ఎస్కలేడ్, మైలేజీలో 7.1 శాతం. ధరలో తేడా అప్పుడు 20 నుంచి 25 శాతం. కాబట్టి డబ్బు ఆదా కోసం ప్రీమియం పోయడమన్నది ఏ లెక్కనా నిలవదు. కానీ ఆ సగటుల్లో ట్రైలర్ లేదు, అరిజోనా ఎండ లేదు. నాకింగ్ హద్దు దగ్గరికి ఇంజిన్ ఎక్కువగా చేరేది బరువు, వేడి, ఎక్కుడు మూడూ కలిసినప్పుడు. ఖాళీ బండితో ఆఫీసుకు వెళ్లేటప్పుడు దండగైన ప్రీమియం, క్యాంపర్‌తో జులైలో కొండెక్కేటప్పుడు దండగ కాదు.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో గ్యాలన్‌కి తేడా 80 సెంట్లు అనుకుంటే, ఏడాదికి 12,000 మైళ్లు 18 మైలేజీతో ప్రీమియం మీదే నడిపితే అదనపు ఖర్చు 530 డాలర్లు. ట్రైలర్ లాగే వెయ్యి మైళ్ల ప్రయాణానికి మాత్రమే పోస్తే, మైలేజీ పదికి పడిపోయినా, 80 డాలర్లు. టర్బో బండికి ఆ ఎనభై పెట్టడం సబబు. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక పోస్తే సగటు కుదురుతుంది, 87, 93 చెరిసగం కలిస్తే 90. కాలిఫోర్నియాలో దొరికే ప్రీమియం 91 మాత్రమే.

డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల బంకుల్లో ఇంకొక ఉచ్చు ఉంది: 85. రెగ్యులర్ అని దాన్నే అమ్ముతారు. కార్బ్యురేటర్ల కాలంలో పల్చటి గాలికి ఆ ఓర్పు సరిపోయేది. టర్బో ఆ పల్చదనాన్ని పూడ్చేస్తుంది కాబట్టి, పూడ్చిన ఒత్తిడికి తగ్గ ఆక్టేన్ అడుగుతుంది. 87కి తగ్గొద్దని మాన్యువల్ చెప్పిన బండితో, అందులోనూ ట్రైలర్‌తో, అక్కడ చవక పంపు ముట్టుకోకూడదు.

టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎమ్, పూర్తి బరువు కలిసినప్పుడు స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటుంది. పిస్టన్ పగిలేంత గట్టిది. దాన్ని ఆపడంలో పెట్రోల్ కంటే ఇంజిన్ ఆయిల్ పాత్ర పెద్దది. 2020 నుంచి వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ముద్ర ఉన్న ఆయిల్ అందుకే. ట్రైలర్ లాగేటప్పుడు టో/హాల్ బటన్ నొక్కితే గేర్‌బాక్స్ ఇంజిన్‌ని కాస్త ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఉంచుతుంది, అది కూడా సాయమే.

వేగం ముందు ఇవన్నీ చిన్నవే. గాలిని చీల్చే శక్తి వేగం ఘనానికి అనుపాతం. 70 మైళ్ల నుంచి 60కి తగ్గితే ఆ ఖర్చు 37 శాతం పడిపోతుంది. ఏ ప్రీమియమూ ఇవ్వని లాభం ఇది, ఉచితంగా. కాలిఫోర్నియాలో ట్రైలర్ ఉంటే చట్టబద్ధమైన పరిమితే 55.

ఇక అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఈ బండి ఎంత మోయగలదు? డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించరాదు అని. పేలోడ్ అంటే అదే. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాన్ని తగిలించే హిచ్ మీద, అంటే మీ బండి మీద కూర్చుంటుంది. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. అది కూడా ఈ పేలోడ్‌లోంచే పోవాలి. జే2807 పరీక్షలో బండిలో ఉండేది తలా 150 పౌండ్ల ఇద్దరు మనుషులే. మన బండిలో అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఉంటారు. ఐదుగురికి 750 పౌండ్లు. కూలర్, కుర్చీలు, బియ్యం, పచ్చళ్లతో సహా సామాను 200. బరువును సర్దే హిచ్ 80. స్టిక్కర్ మీద 1,500 ఉంటే మిగిలింది 470. టంగ్ వెయిట్ 13 శాతం చొప్పున అది 3,600 పౌండ్ల ట్రైలర్‌కే సరిపోతుంది. బ్రోషర్ 8,000 అని చెప్పినా అంతే. ఆ 3,600ని 87 ఆక్టేన్ పోసిన మామూలు వీ6 కూడా లాగుతుంది.

ఇది అర్థమయ్యాక కొనుగోలు క్రమం తిరగబడుతుంది. ముందు ట్రైలర్. డీలర్ చెప్పే ఖాళీ బరువు కాదు, నీళ్లు, గ్యాస్ సిలిండర్, పరుపులు నింపాక ఉండే బరువు. తర్వాత ఇంట్లో వాళ్ల బరువు. ఆ రెండింటినీ మోసే పేలోడ్ ఉన్న బండి. దానికి ఉన్న ఇంజిన్లలో మీ ప్రాంతపు ఎత్తుకి సరిపోయేది. ఆక్టేన్ చివర్లో, మాన్యువల్లో అదే ఉంటుంది. 4,000 పౌండ్ల లోపు ట్రైలర్, సమతల రాష్ట్రం అయితే రెగ్యులర్ తాగే వీ6 చాలు, డబ్బు మిగులుతుంది. 6,000 దాటితే, కొండలుంటే, పెద్ద ఫ్రేము మీద కట్టిన ఎస్‌యూవీ తప్పదు, దానిలో టర్బో వీ6 నా మొదటి ఎంపిక. బ్రోషర్‌లోని శక్తి రెగ్యులర్ మీదే ఇస్తున్న ఇంజిన్‌కి ఒక మార్కు ఎక్కువ వేస్తాను. ఏడాదికి నాలుగైదు వేల మైళ్లు లాగేవాళ్లు మాత్రం టాహో, సబర్బన్‌లలో దొరికే 3.0 లీటర్ల డీజిల్‌ని చూడాలి; అక్కడ ఆక్టేన్ ప్రశ్నే ఉండదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ తెలుగువాళ్లు ఇదే ప్రశ్న అడిగితే, 3,500 కిలోలు లాగే 3.3 లీటర్ల డీజిల్ లాండ్‌క్రూజర్‌ని చూపించి ముగిస్తారు. వారి చర్చంతా దాని ధర గురించే.

డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు టెస్ట్ డ్రైవ్‌కి ముందే ఆ తలుపు స్తంభం ఫొటో తీసుకోండి. ఒకే మోడల్, ఒకే ఇంజిన్ ఉన్న రెండు బళ్లలో ఈ అంకె ఒకటిగా ఉండదు. పనోరమిక్ సన్‌రూఫ్, కరెంటుతో మడిచే సీట్లు, 22 అంగుళాల చక్రాలు, ప్రతి అలంకారమూ పేలోడ్‌లోంచి తన వాటా తీసుకుంటుంది. పదిహేను వేల డాలర్లు ఎక్కువ పెట్టిన ఖరీదైన మోడల్ ఆ లెక్కన తక్కువ మోస్తుంది.